బోరు పైపు మీద జెండా

మా ఊరి జెండా కొయ్య నిజానికి కొయ్య కాదు, బోరు పైపు. మా పెద్దనాయన తన చేనిలో వేయించిన బోర్లలో ఒకదానికి చుక్క నీరు పడలేదు. దింపిన పైపును పైకి లాగించి, వెండి రంగు పూయించి, కొసన చిన్న గిలక బిగించి, బడి ముందర నాటించాడు. "నీళ్ళియ్యకపోతే పాయె, నిటారుగా నిలబడేదన్నా నేర్చుకోనీ" అన్నాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పైపు నాటిన నాటి నుంచి ఆగస్టు పదిహేనైనా, జనవరి ఇరవై ఆరైనా దాని మీద జెండా ఎగరేసేది ఆయనే. సర్పంచు ఎవరైనా సరే. అదేమిటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆయన నాకు సొంత పెద్దనాయన కాదు. మా నాయనకు దాయాది, వరసకు అన్న. నేను అప్పట్లో తనకల్లులో ఉంటూ ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. కదిరికి పోయే దారిలో, బస్సు ఆగే చోట మా ఊరు. జెండా పండుగ ముందురోజు సాయంత్రమే మండలంలో ఎక్కడ ఎవరు జెండా ఎగరేస్తారో జాబితా రాసి పెట్టుకోవడం మా పనిలో ఒక అలవాటు. జరగబోయేదాన్ని "ఎగరేశారు" అని జరిగిపోయినట్టే రాసేవాళ్ళం. మా ఊరి పేరు ఎదుట పెద్దనాయన పేరు రాయడానికి నేను ఎవరినీ విచారించిన పాపాన పోలేదు.

పెద్దనాయనను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. జెండా మీద ఆయన ప్రేమ నాటకం కాదు. దాన్ని తన ట్రంకు పెట్టెలో, కలరా ఉండల మధ్య, పెళ్ళినాటి పట్టుపంచె మీద పెట్టుకునేవాడు. ముందురోజు తానే ఇస్త్రీ చేసేవాడు, ఇంట్లో ఇంకెవరినీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. పండుగ పొద్దున తలస్నానం చేసి, చెప్పులు లేకుండా, ఇంటి నుంచి బడి దాకా రెండు అరచేతుల మీద జెండాను మోసుకొచ్చేవాడు. చిన్నప్పుడు వాళ్ళ నాయన భుజాల మీద కూర్చుని కదిరిలో మొదటి జెండా పైకి పోవడం చూశాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు ప్రతిసారీ లేచి నిలబడేవాడు. కానీ అన్నేళ్ళు మోసిన చేతులకు, మోసేది తమదే అనిపించడానికి ఎంతసేపు?

2001 పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి సర్పంచు పదవిని వెనుకబడిన కులాల మహిళకు కేటాయించారు. పెద్దనాయన బాగా ఆలోచించి, గొర్రెల కాపరుల ఇంటి కోడలిని నిలబెట్టించాడు. ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయేమో. చదువు లేదు. నలుగురిలో గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. "నోట్లో నాలిక లేని పిల్ల. మనం చెప్పినట్ల వింటాది" అని నా ముందరే అన్నాడు. ఆమె గెలిచింది. గెలిచాక బడి హెడ్మాస్టరు దగ్గర పలక మీద సంతకం నేర్చుకుంది. నేర్చుకున్నాక, చదివి వినిపించనిదే ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. పెద్దనాయనకు అది మొదటి ఆశ్చర్యం.

సర్పంచు భార్య అయితే భర్తే సర్పంచుగా చలామణి అయ్యే రోజులవి. ఆమె భర్త మంచి మాటకారి కూడా. కానీ ఆ ఏడు వానలు చాలక ఊళ్ళో మేత లేదు. డిసెంబరులోనే మందను తోలుకుని, కాలువ నీళ్ళు పారే కణేకల్ వైపు పోయాడు. వరి కోసిన పొలాల్లో రాత్రిళ్ళు మందను ఉంచితే రైతుకు ఎరువు, కాపరికి తిండి. ఎండలు ముదిరేదాకా తిరిగి రాడు. అందువల్ల పెత్తనం ఆమె చేతిలోనే మిగిలింది.

జనవరి మూడోవారంలో ఆమె పెద్దనాయన ఇంటికి వచ్చింది. నేను అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను. ఆమె అరుగు కింద, కొంగు నిండుగా కప్పుకుని నిలబడింది.

"పెద్దాయనా, జెండా పండగ వస్తాండాది" అంది.

"వస్తాండాదిలే. నువ్వేం దిగులుపడాకు. బూందీ గూడా చెప్పించినా కదిర్లో."

"అది కాదు. ఈ తూరి జెండా నేను ఎక్కిస్తా."

పెద్దనాయన నవ్వాడు. మనవరాలు బండి తోలుతానంటే నవ్వే నవ్వు అది. "నా పక్కనే నిలబడుదువులే. టెంకాయ నువ్వే కొట్టు."

"టెంకాయ కొట్టేది గాదు పెద్దాయనా. తాడు లాగేది."

"ఏమ్మా, తాడు లాగేది అంత సులభం అనుకుంటివా? మడిచేది ఒక లెక్క, కట్టేది ఒక లెక్క. తలకిందులుగా ఎక్కితే ఊరి మానం పోతాది. పేపర్లో గూడా వేస్తాడు వీడు" అని నన్ను చూపించాడు.

"ఆయప్ప వేస్తే వెయ్యనీ. సర్పంచు నేను గదా."

"సర్పంచు నువ్వే. పైపు నాది గదమ్మా."

"నీళ్ళు రాని పైపు గదా పెద్దాయనా. జెండాతోనన్నా దానికి మంచిపేరు రానీ."

నాకు నవ్వు ఆగలేదు. పెద్దనాయన నవ్వలేదు. లేచి లోపలికి పోతూ, "పెట్టె తాళం నా దగ్గరుండాది. జెండా బయటికొచ్చేది నా చేతుల మీదనే" అన్నాడు.

నేను వీధి మలుపు దాకా ఆమె వెంట నడిచాను. ఎందుకమ్మా ఇంత పట్టుదల అని అడిగాను. కొంగు సర్దుకుంది. తర్వాత నేల చూస్తూ చెప్పింది.

"మాది గోరంట్ల కాడ పల్లె అన్నా. నేను బడికి పోలేదు, గొర్రెలు మేపేదాన్ని. జెండా పండగ నాడు బడి గోడ అవతల గట్టు మీద గొర్రెలతో నిలబడి చూస్తాంటి. జెండా విచ్చుకున్నప్పుడు లోపలోళ్ళు చెయ్యెత్తి దండం పెట్టినారు. నేనూ చెయ్యెత్తినా. నేను చెయ్యెత్తితే అదిలించినాననుకుని గొర్రెలు బెదిరి చేన్లో పడినాయి. చేనాయన కట్టె తీసుకుని తరుముకున్నాడు. ఒగ తూరన్నా ఆ తాడు నా చేత్తో లాగల్ల అని ఆ పొద్దే అనుకుంటి."

ఆ రోజుల్లోనే మా పత్రికలో ఒక వార్త వచ్చింది. ఆ రిపబ్లిక్ దినం నుంచి మామూలు మనుషులు కూడా ఏ రోజైనా తమ ఇంటి మీద జాతీయ జెండా ఎగరేసుకోవచ్చునని. నేను ఆ సంగతి చెప్పి, పాటించాల్సినవి కూడా చెప్పాను. నేలకు తాకకూడదు, చిరిగినది ఎగరేయకూడదు, పొద్దు గుంకకముందే దించాలి. ఆమె శ్రద్ధగా విని, "అంటే ఇప్పటి నుంచి జెండా అందరిదా?" అంది.

"ఎప్పుడూ అందరిదేనమ్మా" అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. అన్నేళ్ళుగా నేను రాసిన జాబితాలన్నీ గుర్తొచ్చాయి.

"అట్లయితే పెద్దాయన జెండా పెద్దాయన పెట్టెలోనే ఉండనీలే. నేనొకటి తెచ్చుకుంటా."

రెండు రోజుల తర్వాత ఒక్కతే కదిరి పోయి, ఖాదీ దుకాణంలో జెండా కొని తెచ్చింది. వచ్చేటప్పుడు బస్సు కిక్కిరిసి ఉంది. కాళ్ళ దగ్గర పెట్టుకోమన్నాడు కండక్టరు. పెట్టనంది. కోళ్ళ గంప పక్కన కాస్త చోటు చూపించాడు. అక్కడా పెట్టనంది. కొత్త తువ్వాల్లో చుట్టిన జెండాను నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో మూట పట్టుకుని, మా ఊరి దాకా నిలబడే వచ్చింది.

కార్గిల్ యుద్ధం రోజుల్లో నేను కదిరి వీధుల్లో జెండాల ఊరేగింపులు చూశాను. జీపులకు జెండాలు, ఆటోలకు జెండాలు, గొంతులు పగిలేలా నినాదాలు. నాకూ ఒళ్ళు జలదరించింది, వార్తలు కూడా అలాగే రాశాను. ఊరేగింపు పోయాక రోడ్డు మీద రాలిన కాగితపు జెండాలను ఏరినవాళ్ళు మాత్రం ఒకరిద్దరే. గుంపులో జెండా ఏం చేస్తుందో అప్పుడు తెలిసింది. ఒక ఇంట్లో ఏం చేస్తుందో తెలిసింది, వంగితే గాని లోపలికి పోలేని ఆమె ఇంటికి పోయినప్పుడు.

జెండాను దేవుని గూట్లో పెట్టింది. అది ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ ఆ ఇంటి తీరే మారిపోయింది. వాకిలి రెండు పూటలా ఊడ్చారు. పక్క సందులో కొళాయి దగ్గర బిందెల కోసం కొట్లాట మొదలైతే, "బూతులు యాల మ్మే, లోపల జెండా ఉండాది" అని ఆమె గడపలో నిలబడి అంటే, ఆ ఆడవాళ్ళు గొంతు తగ్గించి తిట్టుకున్నారు. తిట్టుకోవడం మానలేదు, కానీ తగ్గించారు. ఆమె అత్తకు ఆకువక్క నమిలి వాకిట్లోనే ఉమ్మే అలవాటు. ముసలామె నా దగ్గర మొర పెట్టుకుంది.

"ఏం చెప్పేదప్పా, ఉమ్మాలంటే వంక దాకా పోవాల్సి వస్తాండాది."

కోడలు లోపలి నుంచే అంది. "వంకలో మాత్రం ఉమ్మొచ్చునా? అది దేశం గాదా?"

"మరి యాడ ఉమ్మేదే? కర్ణాటకం పోవల్లనా?"

"ఆడా ఇదే జెండా అత్తా."

ముసలామె నోట్లో ఉన్నదాన్ని మింగేసి, "పండగ తొందరగా రానీ సామీ" అని దేవుని గూటికి దండం పెట్టింది.

ఊరు మాత్రం రెండుగా చీలింది. పెద్దనాయన తాను రానని చెప్పాడు. బూందీ ఉండదని కూడా ఒక మాట పాకింది. "జెండా ఎవరన్నా ఎక్కించుకోండి, పిల్లోళ్ళ నోటికాడ బూందీ ఆపాకండి" అని తల్లులు ఇద్దరినీ తిట్టారు. ఆమె బొరుగులు, పప్పులు, బెల్లం కలిపి పంచుతానంది. ఆడమనిషి చేత్తో జెండా ఎక్కితే రాబోయే ఏడు కూడా వానలుండవని ఎవరో అన్నారు. "మగోళ్ళు ఎక్కించినన్నాళ్ళూ కుంటలు తెగి పారినాయా?" అని ముసలామె నడివీధిలో అడిగింది.

ఇరవై అయిదో తేదీ సాయంత్రం జాబితా రాస్తూ మా ఊరి పేరు దగ్గర ఆగాను. ఆ గడిని ఖాళీగా వదిలేశాను. అలా వదలడం అదే మొదటిసారి.

పొద్దున్నే నేను బడి దగ్గరికి చేరేసరికి ఆమె భర్త అక్కడున్నాడు. మందను తమ్ముడికి అప్పగించి, బస్సులు మారి మారి తెల్లారేసరికి దిగాడట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మనిషి మాత్రం పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. హెడ్మాస్టరు ముందురోజే ఆమెకు జెండా మడత నేర్పించాడు. ఆమె మడిచి, మధ్యలో బంతిపూల రెక్కలు పోసింది. "నువ్వు పో మ్మే, జనాన్ని పలకరించు. కట్టేది నేను చూసుకుంటా" అని భర్త జెండాను తీసుకుని తాడుకు కట్టాడు. హెడ్మాస్టరు పిల్లలను వరసల్లో నిలబెట్టే హడావుడిలో అటు చూడలేదు. నేను చూశాను, కానీ నాకు ముడుల సంగతి తెలియదు.

రానన్న పెద్దనాయన వచ్చాడు. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా. గోడ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ప్రతి ఏడూ జెండాను మోసే ఆయన చేతులు ఆ రోజు ఖాళీగా ఒడిలో ఉన్నాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వాటిని పదేపదే కదిలించాడు.

ఆమె చెప్పులు విడిచి, పైపు దగ్గరికి పోయి, తాడు పట్టుకుంది. లాగింది. మూట గిలక దాకా పోయింది.

"ఇంక ఒక్క గుంజు గుంజమ్మా, విచ్చుకుంటుంది" అన్నాడు హెడ్మాస్టరు.

గుంజింది. విచ్చుకోలేదు. మళ్ళీ గుంజింది. లాగేకొద్దీ ముడి ఇంకా బిగిసింది.

"ముడి ఎవరు వేసింది?"

"నేనే సార్" అన్నాడు భర్త, గర్వంగానే. "గొర్రెపిల్లను గుంజకు కట్టే ముడి. ఎంత గుంజినా ఊడదు. ఈడ గాలి ఎక్కువ గదా అని..."

మాట పూర్తికాకముందే జనం గొల్లుమన్నారు.

"ఏమప్పా, జెండా చేన్లో పడి మేస్తాదని కట్టేసినావా?"

"పాలు పితుకుతావేమో పితుకు, అందరికీ కాఫీ అన్నా వస్తాది!"

"పెద్దాయన లేకపోతే ఇంతే. చెప్తే ఇంటారా?"

ఆమె తాడు వదల్లేదు. ఆ తాడు ఇప్పుడు చెయ్యి మారితే, ఆమెకు గాని, ఆమె తర్వాత వచ్చే ఏ ఆడమనిషికి గాని మళ్ళీ దొరకదని అక్కడున్న అందరికీ తెలుసు. గోడ పక్కన పెద్దనాయన కుర్చీలోంచి లేచాడు. జనం దారి ఇచ్చారు. నవ్వులు ఆగిపోయాయి.

ఆమె తాడును మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకుంది. "దించుతా. మళ్ళీ ఎక్కిస్తా. ఎవరూ తాడు ముట్టాకండి" అంది. మాట అందరికీ వినిపించింది.

చుట్టు విప్పి దించడం మొదలుపెట్టింది. ఇంతలో గాలి వీచింది. మూట పైపుకు కొట్టుకుని, తాడు వదులై, ఒక్కసారిగా జారింది.

"నేల! నేల తాకుతాది!" అని కేక. పెద్దనాయనది.

అరవై దాటిన మనిషి నాలుగు అంగల్లో అక్కడికి చేరి, మోకాళ్ళ మీద పడి, రెండు అరచేతులూ చాచాడు. మూట మట్టికి జానెడు ఎత్తులో ఆ చేతుల్లో పడింది. తెల్లటి పంచె ఎర్రమట్టి అయింది. ఆయన అది చూసుకోలేదు. అది తన పెట్టెలోని జెండా కాదన్న సంగతి కూడా ఆ క్షణాన ఆయనకు గుర్తున్నట్టు లేదు.

"విప్పు" అన్నాడు. "గట్టిగా లాగాకు, గుడ్డ చిరుగుతాది."

"ఈ ముడి నాకు తెలుసు పెద్దాయనా" అంది. వంగి, ముడి వెనక నుంచి బొటనవేలి గోటితో ఒక నొక్కు నొక్కింది. అంతసేపూ పంతం పట్టిన ముడి రెప్పపాటులో విడిపోయింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి రోజూ విప్పుతున్న ముడి మరి. భర్త తల గోక్కుంటూ, "మరిసిపోతి మ్మే" అన్నాడు. "నీ సంగతి ఇంటికొచ్చినాక" అంది ఆమె, అతని వైపు చూడకుండానే.

పెద్దనాయన అరచేతుల మీదే జెండాను మళ్ళీ మడిచారు. మడత చూపించింది ఆయన. రాలిన పూరెక్కలు ఏరి మధ్యలో పోసింది ఆమె. జారుముడి వేసింది కూడా ఆమే, ఆయన కళ్ళ ముందర. అయిపోయాక ఆయన మెల్లగా లేచి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"లాగమ్మా, సర్పంచూ" అన్నాడు.

ఆమెను ఆ మాటతో ఆయన పిలవడం నేను అంతకు ముందు వినలేదు.

ఆమె లాగింది. మూట పోయి గిలకకు తగిలింది. ఒక్క గుంజు. జెండా తెరుచుకుంది! మా పీఠభూమి గాలి ఎప్పుడూ పంటలను ఎండబెట్టే గాలి. ఆ పొద్దున అదే గాలి జెండాను ఇంత వెడల్పున పరిచి పటపట కొట్టింది. పూరెక్కలు గిరికీలు కొట్టుకుంటూ పెద్దనాయన నెరిసిన జుట్టు మీద, ఆమె కొంగు మీద, ముందు వరస పిల్లల మీద పడ్డాయి. ఎవరూ దులుపుకోలేదు. ఆమె ఎడమచేత్తో తాడు పట్టుకుని కుడిచెయ్యి ఎత్తింది. ఆమె పక్కనే పెద్దనాయన చెయ్యి ఎత్తాడు. కాఫీ కోసం పాలు అడిగిన కుర్రకారు మడమలు దగ్గర చేర్చి నిలబడ్డారు. ఆడపిల్లలు జనగణమన అందుకున్నారు. ముసలామె మధ్యలో ఎక్కడా నమలలేదు.

పాట అయ్యాక హెడ్మాస్టరు, సర్పంచు గారు మాట్లాడతారన్నాడు. ఆమె చుట్టూ చూసింది.

"నాకు మాట్లాడేది రాదు. జెండా పైన ఉండాది. అందరూ బాగా చూసుకోండి" అంది.

అంతే. నేను మంత్రుల సభలకు పోయాను, చప్పట్లు కొలిచి రాశాను. అలాంటి చప్పట్లు మళ్ళీ వినలేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తాడును ముట్టుకుని పోయారు. గుడిలో గంటను ముట్టుకున్నట్టు, మెల్లగా. పెద్దనాయన ఇంటి నుంచి బూందీ గంప రానే వచ్చింది. చెప్పించింది వెనక్కి ఎట్ల పంపేదని ఆయన గొణిగాడు. పిల్లలు బొరుగుల్లో బూందీ కలుపుకుని తిన్నారు.

ఆమె అక్కడి నుంచి కదల్లేదు. పొద్దు గుంకే ముందు దించేదాకా అక్కడే ఉంటానంది. ఆమె భర్త మాత్రం మందను ఎక్కువసేపు తమ్ముడి మీద వదిలి ఉండలేడు. మధ్యాహ్నం కదిరి బస్సు ఎక్కాడు. నాకూ కదిరిలో పని ఉండి అదే బస్సు ఎక్కాను. సీటు దొరికినా కూర్చోకుండా, కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి వెనక్కి చూస్తున్నాడు.

"ఏమప్పా, తల లోపల పెట్టు. ఎదురుగా లారీ వస్తాంది" అని కండక్టరు అరిచాడు.

"ఉండన్నా, ఒక్క నిమిషం. మలుపు దాకా కనపడతాది."

"ఏంది కనపడేది?"

"అదో, జెండా. మా ఆడమనిషి ఎక్కించినాది."

కండక్టరు టిక్కెట్ల సంచి చంకన పెట్టుకుని కిటికీ దగ్గరికొచ్చి వంగి చూశాడు. వెనక సీట్లలో వాళ్ళు కూడా అటు తిరిగారు. చెనిక్కాయలు పీకేసిన చేలకు అవతల, ఎండకు మెరుస్తున్న పైపు కొసన అది ఎగురుతూనే ఉంది.

"యాడ? నాకు కనపడల్యా" అంది ఒక ముసలామె.

"ఇటు రా అవ్వా, ఈడ నిలబడు" అని అతను పక్కకు జరిగి, ఆమెకు తన కిటికీ ఇచ్చాడు.